వెండి ఉంటేనే వ్యాపారం: సముద్రం మీద సామ్రాజ్యాలు ఎలా నిలబడ్డాయి

1498 మే నెలలో కాలికట్ చేరిన వాస్కో డ గామా అక్కడి రాజు జామొరిన్‌కు ఇవ్వాలని పోగుచేసిన కానుకల జాబితా ఆ ప్రయాణపు దినచర్య పుస్తకంలో ఉంది. చారల బట్ట తానులు 12, ఎర్ర ముసుగులు 4, టోపీలు 6, పగడాల సరాలు 4, చేతులు కడుక్కునే పళ్లేలు 6, ఒక పెట్టె పంచదార, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. వాటిని ముందుగా చూడడానికి వచ్చిన రాజోద్యోగులు నవ్వేశారు. మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడు కూడా ఇంతకంటే ఎక్కువే తెస్తాడు, రాజుకు ఇవ్వాలనుంటే బంగారం తెమ్మని మొహం మీదే చెప్పారు.

ఈ ఇబ్బంది పోర్చుగీసువాళ్ల ఒక్కళ్లదే కాదు. తర్వాత వచ్చిన డచ్చివాళ్లకూ, ఇంగ్లీషువాళ్లకూ, ఫ్రెంచివాళ్లకూ ఇదే బాధ. ఆసియాలో కొనాల్సినవి బోలెడు: మిరియాలు, లవంగాలు, పట్టు, నూలు బట్ట, నీలిమందు, సురేకారం. తిరిగి అమ్మడానికి చేతిలో ఉన్నది మాత్రం ఉన్ని బట్ట, కాస్త సీసం, కాస్త పాదరసం. ఉక్కపోత దేశాల్లో ఉన్ని ఎవడు కట్టుకుంటాడు? కాబట్టి వాళ్లకు దారులు మూడే. ఎక్కడి నుంచో వెండి తెచ్చి కొనడం, ఆసియాలోనే ఒక రేవులో కొన్నది ఇంకో రేవులో అమ్మి ఆ లాభంతో కొనడం, లేదా జనం మీద పన్ను వేసి ఆ సొమ్ముతో వాళ్ల సరుకే కొనడం. ఏ సామ్రాజ్యం ఈ మూడింటిని ఏ పాళ్లలో కలుపుకుందో చూస్తే దాని ఎదుగుదల చాలావరకు అర్థమవుతుంది. ఫిరంగుల పాత్రను తక్కువ చేయడం లేదు. కానీ ఫిరంగి పోతపోయడానికీ, దాన్ని మోసే ఓడకూ, పేల్చేవాడి జీతానికీ ముందు డబ్బు కావాలి. కథ చెప్పేటప్పుడు మనం ఎక్కువగా ఎగరగొట్టేసేది ఆ డబ్బు సంగతే.

పోర్చుగల్ జనాభా అప్పట్లో సుమారు పది లక్షలు. అంతమందితో భూములు గెలిచి పాలించడం కుదిరే పని కాదు. అందుకని వాళ్లు రేవులనూ జలసంధులనూ పట్టారు: 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్. 1509లో డయ్యూ దగ్గర ఈజిప్టు, గుజరాత్ నౌకాబలాలను ఓడించాక బహిరంగ సముద్రం మీద వాళ్లను ఎదిరించే నౌకాదళం కొన్నాళ్లు లేకపోయింది. అరేబియా సముద్రంలో తిరిగే ఓడల్లో చాలావాటికి చెక్కలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు. సరుకు మోయడానికి, ఇసుక ఒడ్డుకు లాగడానికి అది చక్కటి పద్ధతి. బరువైన ఫిరంగులు పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను మాత్రం ఆ కుట్లు తట్టుకోలేవు.

అయితే పోర్చుగీసు ఖజానాకు నిలకడగా ఆదాయం తెచ్చింది యుద్ధం కాదు, కర్తాజ్ అనే చీటీ. సముద్రం మీద తిరిగే ప్రతి వర్తక ఓడా దాన్ని తీసుకోవాలి. ఓడ పేరు, నఖుదా (ఓడ నాయకుడు) పేరు, ఎంత బరువు మోస్తుంది, ఎన్ని ఆయుధాలున్నాయి, ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోంది, అన్నీ అందులో రాసేవాళ్లు. మిరియాలు, ఆయుధాలు, తురుష్కులు ఎక్కకూడదు. చీటీ ఖరీదు చాలా తక్కువ. అసలు కిటుకు దాని షరతులో ఉంది: పోతూనో వస్తూనో ఓడ గోవా, డయ్యూ, హోర్ముజ్ లాంటి పోర్చుగీసు రేవులో ఆగి సుంకం కట్టాలి. చీటీ లేకుండా దొరికితే ఓడా సరుకూ జప్తు. అంటే వాళ్లు అమ్మింది వాళ్ల నుంచే రక్షణ. అక్బరు అంతటివాడు కూడా మక్కాకు పంపే ఓడకు ఆ చీటీ తీసుకున్నాడు.

ఈ జల్లెడకు ఒక పెద్ద చిల్లు ఉంది. 1513లో పోర్చుగీసు గవర్నర్ అల్బుకర్క్ ఏడెన్ కోట గోడలకు నిచ్చెనలు వేయించాడు. మనుషుల బరువుకు నిచ్చెనలు విరిగాయి, దాడి విఫలమైంది. ఎర్ర సముద్రపు వాకిలి అలా తెరిచే ఉండిపోయింది. 1550లు, 60లు వచ్చేసరికి సుమత్రా ఉత్తర కొసలోని ఆచే సుల్తానుల మిరియాలు మాల్దీవుల మీదుగా, పోర్చుగీసు గస్తీకి అందకుండా ఎర్ర సముద్రం చేరి, అక్కడి నుంచి అలెగ్జాండ్రియా, వెనిస్ దాకా మళ్లీ పారాయి. పైగా కోటల్లోని కెప్టెన్ల జీతాలు చాలవు, ఆ పదవులు దొరికేది మూడేళ్లకే. ఆ మూడేళ్లలో సొంత వ్యాపారం చేసుకుని సంపాదించుకోవాలి. కాపలా కాయాల్సినవాడే దొంగ సరుకులో భాగస్వామి అయితే రాజుగారి గుత్తాధిపత్యం కాగితం మీదే మిగులుతుంది.

ఓడల రాకపోకలు గాలి చెప్పినట్టు నడిచేవి. లిస్బన్‌లో మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదట్లోనో బయల్దేరితే సెప్టెంబరు, అక్టోబరుల్లో గోవా చేరొచ్చు. తిరుగు ప్రయాణం డిసెంబరు, జనవరుల్లో. లిస్బన్‌లో ఆలస్యమైతే నైరుతి గాలి తప్పిపోయి మొజాంబిక్‌లో నెలల తరబడి ఆగాలి, జ్వరాలతో మనుషులు పోతారు. గోవాలో ఆలస్యమైతే ఆఫ్రికా దక్షిణ కొస దగ్గరికి అక్కడి చలికాలపు తుఫానుల్లో చేరాలి. ఆలస్యానికి మామూలు కారణం సరుకు కోసం ఎదురుచూపు, దాని వెనక మిరియాలు కొనడానికి సమయానికి డబ్బు అందకపోవడం. ఇంకో జబ్బు ఓవర్‌లోడు. జీతానికి బదులుగా నావికులకు సొంత పెట్టెలు ఎక్కించుకునే హక్కు ఉండేది. ఆ పెట్టెలన్నీ పై తట్టు మీద గుట్టలుగా పేర్చడంతో ఓడ తలబరువెక్కేది, తెరచాప తాళ్లు లాగడానికి చోటుండేది కాదు, ఫిరంగుల మీద కూడా మూటలే ఉండేవి. తిరుగు ప్రయాణంలో అన్ని ఓడలు మునగడానికి తుఫాను ఎంత కారణమో ఈ పెట్టెలు అంత కారణం.

ఇక వెండి సంగతి.

1545లో ఇప్పటి బొలీవియాలోని పొటొసి కొండలో వెండి బయటపడింది. ఊరే సముద్ర మట్టానికి సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి పాతికేళ్లు పైపైన ఉన్న మేలురకం రాయిని స్థానికులు తమ సొంత కొలుముల్లో కరిగించారు. అది అయిపోయాక మిగిలింది నాసిరకం రాయి, కొలిమికి లొంగదు, పైగా అంత ఎత్తున కట్టెలు కూడా దొరకవు. గండం గట్టెక్కించింది పాదరసం. మెక్సికోలోని పచుకాలో బార్తొలొమె ద మెదీనా 1554లో నిలబెట్టిన పద్ధతి అది.

ఆ పద్ధతి ఇలా సాగుతుంది. ముడిరాయిని నీటి చక్రంతోనో కంచర గాడిదలతోనో తిరిగే రోకళ్లతో పిండిలా దంచుతారు. దాన్ని నీళ్లతో బురదలా కలిపి రాళ్లు పరిచిన పెద్ద ముంగిట్లో పరుస్తారు. ముందు ఉప్పు వేసి తొక్కిస్తారు. తర్వాత రాగి ఉన్న రాయిని కాల్చి కొట్టిన పొడి వేస్తారు, అందులో పనిచేసేది మన మైలుతుత్తమే. ఆపైన బట్టలోంచి పిండుతూ పాదరసాన్ని సన్నటి తుంపరలా చల్లుతారు. గాడిదలో మనుషులో రోజూ తొక్కాలి. ఎండను బట్టి కొన్ని వారాలు, చలిలో రెండు నెలల పైమాటే. పొటొసి చలికి ఈ ముంగిలి పద్ధతి నడవదు కాబట్టి అక్కడ రాతి తొట్లలో పోసి కింద సెగపెట్టేవాళ్లు.

దీంట్లో నేర్పంతా పాదరసపు మేస్త్రీది. రోజూ ఒక చిప్పలో కాస్త బురద తీసి కడిగి, అడుగున మిగిలిన పాదరసం రంగు చూస్తాడు. తుత్తం పొడి ఎక్కువైతే పాదరసం బూడిద రంగుకు తిరిగి ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. కుప్ప ‘వేడెక్కింది’ అంటారు. అలాగే వదిలేస్తే పాదరసం ఉప్పుతో కలిసిపోయి నీళ్లలో కొట్టుకుపోతుంది, వెండీ రాదు. అప్పుడు సున్నమో బూడిదో చల్లి చల్లార్చాలి. పొడి తక్కువైతే పాదరసం తళతళలాడుతూ ఉంటుంది తప్ప వెండిని పట్టుకోదు, మళ్లీ పొడి వేసి తొక్కించాలి. పదును కుదిరాక తొట్లలో కడిగి, అడుగుకు దిగిన ముద్దను గట్టి గుడ్డ సంచిలో పిండి, మిగిలినదాన్ని గంట ఆకారపు మూత కింద కాలుస్తారు. పాదరసం ఆవిరై కొంత తిరిగి దొరుకుతుంది, సచ్ఛిద్రమైన వెండి దిమ్మ మిగులుతుంది. మొత్తం మీద ఒక పాలు వెండికి ఒకటిన్నర పాళ్ల పైనే పాదరసం పోయేది. పోవడమంటే అక్కడి నేలలోకీ, నీళ్లలోకీ, పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకీ.

స్పెయిను రాజుకు ఇది ఒక అదనపు సదుపాయం ఇచ్చింది. పాదరసం దొరికేది స్పెయినులోని అల్మదేన్‌లో, పెరూలోని వాంకవెలికాలో. రెండూ రాజు చేతిలోనే ఉన్నాయి, అమ్మకం ఆయన గుత్త. ఏ గని యజమాని ఎంత పాదరసం కొన్నాడో తెలిస్తే ఎంత వెండి తీసి ఉండాలో లెక్క కట్టొచ్చు. రాజుకు కట్టాల్సిన ఐదో వంతు ఆ లెక్కకు తగ్గితే దొంగతనం జరిగినట్టే. కొండల్లో ఎక్కడో జరిగే పనిని సముద్రం అవతల కూర్చుని పట్టుకోవడానికి ఇంతకంటే చవకైన తనిఖీ లేదు. ఆ కాలపు పాలనలో నాకు అన్నిటికంటే తెలివైన ఏర్పాటుగా కనిపించేది ఇదే.

పనివాళ్లను తెచ్చిన పద్ధతిలో తెలివి కాదు, క్రౌర్యం ఉంది. వైస్రాయి ఫ్రాన్సిస్కో ద తొలెదో 1573 ప్రాంతంలో ఇన్కాల కాలపు వెట్టి పద్ధతి ‘మిత’ను తనకు కావలసినట్టు మార్చాడు. చుట్టుపక్కల 16 జిల్లాల్లోని మగవాళ్లలో ఏడో వంతు ఏడాదిపాటు పొటొసికి రావాలి. ఏడాదికి 13,000 మందికి పైగా. కాగితం మీద ఒక వారం పని, రెండు వారాలు విశ్రాంతి. ఇచ్చే కూలి తిండికి చాలదు కాబట్టి ఆ రెండు వారాలూ కూడా అదే గనుల్లో కూలికి పోయేవాళ్లు. పిలుపు తప్పించుకోవాలని కుటుంబాలు ఊళ్లు వదిలి వలసపోవడంతో మిగిలినవాళ్ల మీద వంతు ఇంకా బరువైంది, దానికి జడిసి వాళ్లూ లేచిపోయారు.

ఆ వెండి ఎనిమిది రియాళ్ల నాణెంగా ప్రపంచమంతా తిరిగింది. బరువు సుమారు 27 గ్రాములు, అందులో అసలు వెండి 25 గ్రాములు. కడ్డీ నుంచి ముక్కలు నరికి, బరువు సరిపోయేలా అంచులు కత్తిరించి, సుత్తితో ముద్ర కొట్టేవాళ్లు. గుండ్రంగా ఉండదు కాబట్టి దారిలో ఎవరైనా ఇంకాస్త కత్తిరించినా తెలియదు. దానికి మందుగా నాణెం మీద టంకశాల గుర్తు, వెండి నాణ్యత పరీక్షించినవాడి గుర్తు కొట్టేవాళ్లు. 1640ల్లో పొటొసి టంకశాలలోనే పరీక్షకులూ వెండి వ్యాపారులూ కుమ్మక్కై రాగి కలిపారు. 1649లో రాజప్రతినిధి వచ్చి విచారణ చేయించి, మరుసటి ఏడు బాధ్యులకు మరణశిక్ష వేయించాడు. కానీ అప్పటికే ఆ నాణేలు యూరపంతా పాకాయి, పొటొసి ముద్ర కనిపిస్తే తీసుకోవడానికి జనం వెనకాడారు.

ఇంత వెండి పారినా స్పెయిను రాజులు 1557, 1575, 1596, 1607, 1627, 1647లలో అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. వెండి నౌకాదళం సెవీల్ చేరకముందే అందులో రాజు వాటా జెనోవా బ్యాంకర్లకు తాకట్టులో ఉండేది. నెదర్లాండ్స్ యుద్ధంలో సైనికుల జీతాలు నెలనెలా కట్టాలి, వెండి వచ్చేదేమో ఏడాదికోసారి. ఆ మధ్య కాలానికి వడ్డీ. ఒక్క ఏడు నౌకాదళం రాకపోతే గొలుసంతా తెగుతుంది. 1628లో క్యూబా తీరంలో మతాన్సాస్ దగ్గర డచ్చి నౌకాపతి పీట్ హైన్ ఆ నౌకాదళాన్నే పట్టేశాడు. దక్కిన సొమ్ము సుమారు కోటీ 15 లక్షల గిల్డర్లు.

పసిఫిక్ మీదుగా ఇంకో పాయ పోయేది. గాలి వాలున అకపుల్కో నుంచి మనీలాకు మూడు నెలలు చాలు. తిరిగి రావడమే అసలు చిక్కు. 1565లో ఉర్దనెత అనే స్పెయిను నావికుడు కనిపెట్టిన దారి: మనీలా నుంచి ఈశాన్యంగా జపాను అక్షాంశాల దాకా ఎక్కి, పడమటి గాలులు అందుకుని కాలిఫోర్నియా తీరం తాకి దక్షిణానికి దిగడం. నాలుగు నుంచి ఆరు నెలలు, మధ్యలో ఆగి మంచినీళ్లు పట్టుకునే చోటే లేదు. చాపలు పరిచి వాననీళ్లు జాడీల్లోకి పట్టేవాళ్లు. 1593 ఆజ్ఞ ప్రకారం మనీలా నుంచి 2,50,000 పెసోల (పెసో అంటే ఆ ఎనిమిది రియాళ్ల నాణెమే) సరుకే పోవాలి, తిరుగు ఓడలో 5,00,000 పెసోల వెండే రావాలి. ఈ హద్దును ఎవరూ లెక్కచేయలేదు. ఏడాదికి ఒకటి రెండు ఓడలే కావడంతో జాగాను చీటీలుగా పంచేవాళ్లు. ఆ చీటీలు చేతులు మారి, విధవలకూ మఠాలకూ దక్కినవి వర్తకుల దగ్గర పోగయ్యేవి. ఇక్కడా అదే జబ్బు: అతి బరువు, జూలై దాటిన బయల్దేరింపు, టైఫూన్లు. 1638లో సాయిపాన్ దగ్గర కాన్సెప్సియోన్ అనే ఓడ పగడపు దిబ్బల మీద పగిలిపోయింది.

మనీలాలో ఆ వెండి కోసం ఎదురుచూసేది చైనా వర్తకులు. మింగ్ ప్రభుత్వం 1567లో ఫూజియన్ వర్తకులకు సముద్ర వ్యాపారం మీద నిషేధం సడలించింది. అదే కాలంలో ధాన్యంగా, వెట్టిగా కట్టే పన్నులన్నిటినీ కలిపి వెండిగా వసూలు చేసే సంస్కరణ దేశమంతా పాకుతోంది. కోట్లమంది పన్ను కట్టడానికి వెండి కావాలి, దేశంలో గనులా అంతంతమాత్రం. 1600 ప్రాంతంలో చైనాలో ఆరేడు పాళ్ల వెండికి ఒక పాలు బంగారం వచ్చేది, యూరపులో అదే బంగారానికి పన్నెండు పాళ్లు పెట్టాలి. వెండి తూర్పుకు మోసుకుపోయినవాడికి మోసినందుకే లాభం. జపాను ఇవామి గనుల వెండిని మకావు నుంచి నడిపిన పోర్చుగీసువాళ్లు, 1639లో వాళ్లను వెళ్లగొట్టాక డచ్చివాళ్లు, ఈ తేడా మీదే బతికారు. అమెరికా వెండికి ప్రపంచమంతటా గిరాకీ నిలబెట్టింది చైనా పన్ను పద్ధతి. ‘యూరపు ప్రపంచ వ్యాపారాన్ని సృష్టించింది’ అని రాసేవాళ్లు ఈ సగాన్ని వదిలేస్తారు.

మొగలుల సంగతీ దాదాపు ఇదే. 1572-73లో గుజరాత్, 1576లో బెంగాల్ అక్బరు చేతికి వచ్చాయి, రెండూ సముద్రపు వాకిళ్లు. 1580లో తోడర్మల్ పదేళ్ల సగటు తీసి శిస్తును నగదులో ఖరారు చేశాడు. రూపాయి సుమారు 11.5 గ్రాముల దాదాపు మేలిమి వెండి, దేశంలో చెప్పుకోదగ్గ వెండి గని లేదు. పరాయి నాణెం బజారులో చెల్లదు. సూరత్ టంకశాలకు ఇచ్చి కరిగించి కొట్టించుకోవాలి, లేదా నాణేలు మార్చే సరాఫుకు వట్టం తగ్గించి అమ్ముకోవాలి. ఓడలన్నీ ఒకే రుతువులో వస్తాయి కాబట్టి టంకశాల ముందు వారాల తరబడి బారులు. ఆగలేని కంపెనీ ఉద్యోగి సరాఫు చెప్పిన ధరకు ఇచ్చేవాడు. లండన్ నుంచి తెచ్చిన వెండి మీద మొదటి లాభం సూరత్ సరాఫుది.

డచ్చివాళ్లు రెండో దారిని, అంటే ఆసియాలోనే కొని ఆసియాలోనే అమ్మడాన్ని, ఒక యంత్రాంగంగా మార్చారు. 1602 మార్చి 20న పుట్టిన వాళ్ల కంపెనీ మూలధనం సుమారు 64 లక్షల గిల్డర్లు. వాటా ఎవరైనా కొనొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొన్న 1,143 మందిలో 100 గిల్డర్లు పెట్టిన ఒక పనిమనిషి కూడా ఉంది. అదే కాలపు ఇంగ్లీషు కంపెనీ ఒక్కో ప్రయాణానికి డబ్బు పోగుచేసి, ఓడ తిరిగొచ్చాక పంచేసేది. అలాంటి డబ్బుతో కోట కట్టలేరు. కోట లాభం ఇరవై ఏళ్లకు వస్తుంది, వాటాదారు వచ్చే ఏడే అడుగుతాడు. డచ్చి వాటాదారుడికి కంపెనీ నుంచి డబ్బు వెనక్కి తీసుకునే వీలు లేదు, కావాలంటే వాటాను ఇంకొకరికి అమ్ముకోవాలి. షేర్ బజారు అలా పుట్టింది. 1610లో మొదటి లాభాంశాన్ని రొక్కంగా కాకుండా జాపత్రి రూపంలో పంచారు. ఎవరికి వారు అమ్ముకోబోతే దాని ధర ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఓడల దారిని కూడా మార్చారు. హెండ్రిక్ బ్రౌవర్ 1611లో ఆఫ్రికా కొస దాటాక ఉత్తరానికి తిరగకుండా, దక్షిణ సముద్రపు జోరు గాలుల్లో తిన్నగా తూర్పుకు పోయి, అప్పుడు జావాకు ఎక్కాడు. ప్రయాణం ఆరు నెలలకు దగ్గరపడింది, 1617 నుంచి ఈ దారి తప్పనిసరి చేశారు. చిక్కల్లా ఎక్కడ ఉత్తరానికి తిరగాలో తెలియకపోవడం. రేఖాంశం కొలిచే సాధనం లేదు, వేగాన్ని అంచనా కట్టి తిరగాలి. ఆలస్యంగా తిరిగితే ఆస్ట్రేలియా పడమటి తీరం. 1629 జూన్‌లో బటావియా అనే ఓడ, వెండి పెట్టెలతో సహా, అక్కడి దిబ్బల మీదికి ఎక్కింది.

ఇదే బ్రౌవర్ 1612లో కోరమాండల్ తీరాన్ని సుగంధ ద్రవ్యాల దీవులకు ఎడమ చెయ్యి అన్నాడు. ఆ దీవుల జనానికి వెండి నాణేలతో పెద్ద పని లేదు, కట్టుకోవడానికి బట్ట, తినడానికి బియ్యం కావాలి. లవంగం కావాలంటే బట్ట కావాలి, బట్ట కావాలంటే మచిలీపట్నం, పులికాట్ రావాలి. 1605లో డచ్చివాళ్లు మచిలీపట్నంలో దిగారు, మరుసటి ఏడు గోల్కొండ సుల్తానుతో ఒప్పందం చేసుకున్నారు. 1611లో ఇంగ్లీషువాళ్లూ అక్కడే దిగారు.

బట్ట కొనడం చెప్పినంత తేలిక కాదు. జావాలోని డచ్చి కేంద్రం బటావియా (ఇప్పటి జకార్తా) నుంచి గిరాకీ పట్టిక, నమూనా ముక్కలు వస్తాయి: ఏ దీవికి ఏ రంగు, ఎంత పొడవు, అంచు ఎలా ఉండాలి. ఒక దీవిలో ఎగబడి కొన్న ఎర్రంచు బట్టను పక్క దీవిలో ముట్టుకోరు. కంపెనీ ఆ నమూనాను పెద్ద వర్తకుడికి చూపించి ధర తేల్చుకుని ముందస్తు సొమ్ము ఇస్తుంది. అతను దళారులకు, దళారి ఊళ్లలోని సాలెలకు, దేవాంగులకు. నెలల తర్వాత బట్ట వస్తే పొడవు, వెడల్పు కొలిచి, పడుగులో ఎన్ని పుంజాల నూలుందో చూసి, నమూనా పక్కన పెట్టి రకాలుగా విడదీస్తారు. తక్కువ రకం అని తోసేసిన తానుల మీదే తగువులన్నీ. తర్వాత చలువ, అద్దకం. కృష్ణా డెల్టా వైపు దొరికే చిరివేరుతో వచ్చే ఎరుపుకు అంత పేరు. ఆ పనంతా ఓడ బయల్దేరే గాలికి ముందే ముగియాలి.

ముందస్తు ఇచ్చినంత మాత్రాన నేతగాడు కట్టుబానిస కాడు. ఇంకొకరు ఎక్కువ ఇస్తే ముందస్తు తిరిగి ఇచ్చేసి ఒప్పందం తెంచుకోవచ్చు. ఒక రేవులో డచ్చి, ఇంగ్లీషు, పర్షియా, స్థానిక వర్తకులు అందరూ ఉన్నన్నాళ్లు నేతగాడికి బేరం ఉంటుంది. కరువు వస్తే లెక్క తిరగబడుతుంది. 1630-32 కరువులో గుజరాత్‌లోనూ ఈ తీరంలోనూ నేతగాళ్లు చనిపోయారు, ఊళ్లు వదిలారు. తర్వాత కొన్నేళ్లు బట్ట పలచబడింది, కొలత తగ్గింది, ధర పెరిగింది. కంపెనీ పుస్తకాల్లో దాన్ని నేతగాళ్ల మోసంగా రాసుకున్నారు.

బేరమాడే వీలు లేని చోట డచ్చివాళ్లు ఏం చేశారో బండా దీవుల్లో చూడాలి. అప్పట్లో ప్రపంచానికి జాజికాయ వచ్చేది అక్కడి నుంచే. దీవులవాళ్లు తమకే అమ్మాలన్న ఒప్పందం మీరి ఇంగ్లీషువాళ్లకూ, జావా వర్తకులకూ అమ్ముతున్నారని 1621లో గవర్నర్ జనరల్ కూన్ దండెత్తాడు. సుమారు 15,000 ఉన్న జనాభాలో వెయ్యి మంది మిగిలారని అంచనా. తోటలను 68 కమతాలుగా కోసి డచ్చివాళ్లకు ఇచ్చి, బానిసలతో పని చేయించారు. వేరేచోట మొలవకుండా జాజికాయలను సున్నంలో ముంచి పంపేవాళ్లు.

బట్టకు ఇంకో బజారు అట్లాంటిక్‌లో ఉంది. పశ్చిమాఫ్రికాలో మనుషులను కొనడానికి అడిగే సరుకుల్లో భారతీయ నూలు బట్ట ముందు వరసలో ఉండేది, కోరమాండల్ నీలి బట్టల్లో ఒక రకానికి గినియా బట్ట అనే పేరే పడింది. మాల్దీవుల గవ్వలు ఓడ అడుగున బరువుగా లండన్, ఆమ్‌స్టర్‌డామ్ చేరి, అక్కడి నుంచి ఆఫ్రికాలో నాణేలుగా దిగేవి. 1501 నుంచి 1866 దాకా సుమారు కోటీ 25 లక్షల మందిని ఆఫ్రికా ఒడ్డున ఓడలెక్కించారు, అవతల దిగింది కోటీ 7 లక్షలు. బ్రెజిల్, బార్బడోస్ చెరకు తోటల లెక్కల్లో మచిలీపట్నం, పాండిచ్చేరి అద్దకపు తొట్లు కూడా ఉన్నాయన్న సంగతి మన పాఠాల్లో ఎందుకో కనిపించదు.

ఇంతా చేసి, 1600ల్లో ఈ కంపెనీలకు మొగలుల లాంటి భూశక్తి ముందు నిలబడే బలం లేదు. 1632లో షాజహాన్ సైన్యం పోర్చుగీసువాళ్లను హుగ్లీ నుంచి ఊడ్చేసింది. 1686లో ఇంగ్లీషు కంపెనీ ఔరంగజేబుతో యుద్ధానికి దిగి, బెంగాల్ వదిలి పారిపోయి, 1690లో లక్షా 50 వేల రూపాయల జుర్మానా కట్టి క్షమాపణ వేడుకుంది. వెండి తెచ్చే కొనుగోలుదారులుగా మాత్రమే వాళ్లను ఉండనిచ్చారు.

ఆ వెండి మీద లండన్‌లో గోల మొదలైంది. దేశపు సొమ్మంతా తూర్పుకు పోతోందని ఒకరు, మా మగ్గాలు పడుకున్నాయని ఇంకొకరు. 1701 నుంచి భారతీయ అద్దకపు బట్టల దిగుమతిని ఇంగ్లండు వాడకానికి ఆపేశారు, 1721 చట్టంతో ఆ బట్ట కట్టుకోవడమే నేరం చేశారు. తిరిగి ఆఫ్రికాకూ అమెరికాకూ పంపుకోవచ్చు. ఇంట్లో పోటీ లేకుండా, బయటి గిరాకీ ఎంతో కళ్లెదుట కనిపిస్తూ ఉంటే లాంకషైర్ అద్దకగాళ్లకు అంతకంటే ఏం కావాలి?

1757 ప్లాసీ యుద్ధం నాటికి మొగలు అధికారం పైన పేరుకే మిగిలింది. 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం బెంగాల్, బిహార్, ఒరిస్సా దివానీని, అంటే శిస్తు వసూలు హక్కును, ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు, బదులుగా ఏడాదికి 26 లక్షల రూపాయలు. మూడో దారి అప్పుడు తెరుచుకుంది. అప్పటిదాకా బెంగాల్‌కు వచ్చే కంపెనీ ఓడల్లో విలువలో ముప్పాతిక వంతు వెండే ఉండేది. ఇక ఆ అవసరం లేదు. రైతు దగ్గర శిస్తు వసూలు చేసి, అందులో కొంత తీసి ఆ రైతు పక్కింటి నేతగాడి బట్ట కొని లండన్ పంపితే చాలు. దానికి కంపెనీ పెట్టుకున్న పేరు ‘పెట్టుబడి’. కొనేవాడూ పాలించేవాడూ ఒకడే అయ్యాక ముందస్తు తిరిగి ఇచ్చేసే హక్కు మాట గుమాస్తా కర్ర ముందు నిలవలేదు. వసూళ్లు తగ్గకుండా చూసుకున్న ఐదేళ్లకే 1770 కరువు.

ఉత్తర సర్కారుల్లోనూ ఇదే వరస. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి మచిలీపట్నం కోట పట్టాడు, 1766లో నిజాంతో ఒప్పందం కుదిరి సర్కారులు కంపెనీకి వచ్చాయి. డచ్చి, ఫ్రెంచి కొనుగోలుదారులు పలచబడ్డారు. గోదావరి ఊళ్లలో మగ్గాలు అలాగే ఆడుతున్నాయి, బేరం మాత్రం పోయింది.

చైనాలో మాత్రం శిస్తు వసూలు చేసే అధికారం లేదు. తేయాకుకు వెండి కట్టక తప్పదు. 1773లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్ నల్లమందు కొనుగోలును కంపెనీ గుత్త కిందికి తెచ్చాడు. కలకత్తాలో వేలం పాడుకున్న ప్రైవేటు వర్తకులు పెట్టెలను దొంగచాటుగా కాంటన్ తీరంలో దింపి, వచ్చిన వెండిని అక్కడే కంపెనీ ఖజానాకు కట్టి లండన్‌లో సొమ్ము చెల్లించే హుండీలు తీసుకునేవాళ్లు. కంపెనీ ఓడల్లో నల్లమందు ఉండదు, పుస్తకాల్లో తేయాకు మాత్రమే ఉంటుంది. 1820ల్లో చైనా నుంచి వెండి బయటికి పోవడం మొదలైంది. పన్ను వెండిలో, చేతికి వచ్చేది రాగి కాసుల్లో కావడంతో, వెండి ధర పెరిగిన ప్రతిసారీ అక్కడి రైతు అదే పన్నుకు ఎక్కువ కాసులు లెక్కపెట్టాల్సి వచ్చింది.